సర్ రాజేంద్రనాథ ముఖర్జీ

కలకత్తాలో నివసించు తెలుగువారిలో విక్టోరియా మెమోరియల్ పాలరాతి సౌధమును చూడనివారుండరు. ఆ సౌధమును నిర్మించిన సంస్థకు సారథి యొక వంగదేశీయుడనియు, ఇప్పటి సాల్ట్ లేక్‌కు ఉత్తరపు దిక్కున ఒకప్పుడు పొగ చిమ్ముచు సాగిన చిన్న రైలుకు కర్త కూడ ఆయనయే యనియు ఎరిగినవారు కొలదిమంది.

రాజేంద్రనాథ ముఖర్జీ 1854లో ఇరువదినాలుగు పరగణాల జిల్లా బసీర్‌హాట్ సమీపమున భాబ్లా గ్రామమున జన్మించిరి. చిన్ననాటనే తండ్రి గతింపగా తల్లి వారిని పెంచి పెద్దచేసెను. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంజనీరింగు చదివిరి గాని, అనారోగ్యము వలన పట్టము చేతికి రాలేదు. పట్టములేని యువకునకు ప్రభుత్వ కొలువు దుర్లభమైన కాలమది. వారు అధైర్యపడక చిన్న చిన్న కంట్రాక్టులు చేపట్టిరి. పల్తా జలాశయపు పనులలో వారి నేర్పు వెల్లడియయ్యెను. పిమ్మట ఆక్విన్ మార్టిన్ అను ఆంగ్లేయునితో చేరి, 1892 ప్రాంతమున మార్టిన్ కంపెనీని నెలకొల్పిరి. ఉత్తర హిందూస్థానమున పెక్కు పట్టణములకు మంచినీరు సమకూర్చిన ఖ్యాతి ఆ సంస్థది.

అయితే పల్లె ప్రజలకు వారిని సన్నిహితులను గావించినవి చిన్న రైళ్ళు. పెద్ద రైలుమార్గమునకు వ్యయ మధికము. ఎత్తైన కట్టలు, బరువైన పట్టాలు, విశాలమైన భూమి కావలయును. పట్టాల నడుమ వెడల్పు రెండడుగులో, రెండున్నర అడుగులో అయినచో బాట ప్రక్కనే మార్గము వేయవచ్చును. మలుపులు ఇరుకైనను బండి తిరుగును. నీటిని తన ప్రక్కలనున్న తొట్లలోనే మోయు చిన్న ఆవిరి ఇంజను అట్టి మార్గమునకు చాలును. ఇంజను చిన్నదైనను దానికి చేయవలసిన సేవ చిన్నది కాదు. బూడిద తీయవలెను, గొట్టములలోని మసి ఊడ్వవలెను, బాయిలరును కడిగి లోపల పేరుకొన్న పెచ్చును తొలగింపవలెను. వీనిలో నేది మరచినను ఆవిరి చాలక బండి దారిలో నిలిచిపోవును.

హౌరా–ఆమ్తా మార్గము 1897లో ఆరంభమయ్యెను. బారాసత్–బసీర్‌హాట్ మార్గము 1905లో తెరువబడి, పిమ్మట హస్నాబాద్ వరకు సాగెను. దాని శాఖ యొకటి బెల్‌గాఛియా నుండి పాతిపుకుర్, బాగుయాటి, రాజార్‌హాట్ మీదుగా పోయెడిది. తండ్రిలేని బాలుడు విడిచివచ్చిన సీమకే ఆ బాలుడు పెద్దవాడై రైలును తెచ్చెను! కాని జనులు దానిని మార్టిన్ రైలనియే పిలిచిరి. శ్రమించిన వంగీయుని పేరు బండిపై లేకపోయెను. తెలుగు సీమలోను అదే కాలమున, 1900లో, నౌపడ నుండి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల మార్గము వెలసినది. శ్రీకాకుళపు వారికి ఇది సుపరిచితము.

ముఖర్జీగారు 1921లో భారత సైన్స్ కాంగ్రెసునకు అధ్యక్షులైరి. విక్టోరియా మెమోరియల్ ప్రారంభము కూడ ఆ యేడే జరిగెను. హౌరా వంతెనను గూర్చి యోచించిన ఇంజనీర్ల సంఘమునకు నాయకత్వము వహించిరి. 1931లో స్థాపితమైన భారత గణాంక సంస్థకు తొలి అధ్యక్షులును వారే. 1936లో దివంగతులైరి, 1943లో తెరచిన వంతెనను వారు చూడలేదు.

బస్సుల, లారీల పోటీకి తాళలేక బారాసత్–బసీర్‌హాట్ చిన్న రైలు 1955లో ఆగిపోయెను. 1962లో బారాసత్–హస్నాబాద్ నడుమ బ్రాడ్‌గేజి రైలు వచ్చినది. ఆ సంవత్సరముననే ఉప్పుచెరువులను హుగ్లీ ఇసుకతో పూడ్చి సాల్ట్ లేక్ నగరము కట్టు పని మొదలైనది. అందుచేత ఈ నగరవాసులకు ఆ చిన్న ఇంజను కూత వినిపింపలేదు. అయినను హస్నాబాద్ మార్గమున భాబ్లా హాల్టు నేటికిని కలదు. డల్హౌసీ ప్రాంతమున ఒక వీధి వారి పేర నున్నది. పట్టము లేకున్నను పని యందలి శ్రద్ధయే మానవుని నిలబెట్టునని చాటుటకు ఆ మహనీయుని జీవితము చాలును.