గూఢచారి వేషము – నటుని నిజము

గూఢచారి కథలంటే మనకు మిక్కిలి ఆసక్తి. మారువేషము, రహస్య సంకేతము, అర్ధరాత్రి ప్రయాణము ఉంటే చాలు, రెప్ప వేయక చూస్తాము. అట్టి వేషము ధరించిన ఒక నటుని జీవితమును మేమిక్కడ స్మరించదలచినాము. ఆయన కాన్రాడ్ వైడ్ట్.

1939లో మైకేల్ పావెల్ దర్శకత్వమున, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ రచనతో బ్రిటన్‌లో ‘ది స్పై ఇన్ బ్లాక్’ అను చిత్రము వెలువడింది. కథాకాలము 1917. హార్ట్ అను జర్మన్ జలాంతర్గామి అధిపతి, బ్రిటిష్ నౌకాదళ రహస్యములకై స్కాట్లండుకు ఉత్తరముననున్న ఆర్క్‌నీ దీవులలో రహస్యముగా దిగుతాడు. అచట తనకు తోడ్పడుతున్న ఉపాధ్యాయిని నిజానికి బ్రిటిష్ పక్షమునకు చెందినదని ఆలస్యముగా గ్రహిస్తాడు. తుదకు అతడు వశపరచుకొన్న ఓడను అతని జలాంతర్గామియే ముంచివేస్తుంది. శత్రువైనను ధీరుడైన ఆ హార్ట్ పాత్రను పోషించినది వైడ్ట్.

వైడ్ట్ 1893 జనవరి 22న బెర్లిన్‌లో జన్మించాడు. మాక్స్ రైన్‌హార్ట్ నాటకశాలలో నటన నేర్చాడు. మొదటి ప్రపంచయుద్ధములో జర్మన్ సైనికుడై తూర్పు రణరంగమునకు వెళ్ళి, జబ్బుపడి తిరిగివచ్చాడు. 1920లో ‘డాక్టర్ కాలిగారి’ చిత్రమున నిద్రలో నడచు సీజర్ పాత్రతో ప్రసిద్ధుడయ్యాడు.

1933లో హిట్లర్ అధికారమునకు వచ్చాడు. చిత్రరంగమున పనిచేయువారు తమ జాతి యేదో పత్రములో వ్రాసి ఇవ్వవలసి వచ్చింది. వైడ్ట్ యూదుడు కాడు. ఆ యేడు ఆయన పెండ్లాడిన లిలీ ప్రేగర్ యూదు సంతతికి చెందినది. తన జాతిని ఉన్నదున్నట్లు వ్రాసి ఉంటే ఆయనకు ఆపద లేదు. కాని తానును యూదుడనే వ్రాసినాడు. భార్యతో ఇంగ్లండు చేరి, 1939లో బ్రిటిష్ పౌరుడై, తన సంపాదనలో పెద్ద భాగమును బ్రిటన్ యుద్ధ అవసరములకు ఇచ్చినాడు.

1940లో ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ చిత్రమున దుష్టమంత్రి జాఫర్‌గా నటించాడు. అందులో దొంగపిల్లవాడు మన మైసూరు మావటివాని కొడుకు సాబూ. పిదప హాలీవుడ్ ఆయనకు తరచు నాజీ వేషములనే ఇచ్చింది. 1942 నాటి ‘కాసాబ్లాంకా’లోని మేజర్ స్ట్రాసర్ వానిలో ప్రసిద్ధమైనది. ఎవరి మూలమున స్వదేశము విడిచినాడో వారి దుస్తులే ధరించి, వారి క్రౌర్యమును లోకమునకు చూపినాడు. హిట్లర్ పతనమును చూడకయే 1943 ఏప్రిల్ 3న, యాభై ఏండ్ల ప్రాయమున, లాస్ ఏంజిలస్‌లో గోల్ఫ్ ఆడుచుండగా గుండె ఆగి మరణించాడు.

గూఢచారి తన ప్రాణము దక్కించుకొనుటకు మారుపేరు పెట్టుకొంటాడు. వైడ్ట్ తనవారి సరసన నిలుచుటకై ఆపద తెచ్చు పేరును కోరి పెట్టుకొన్నాడు. ఆయన వేసిన వేషములు నేటికిని తెరపై చూడవచ్చును. ఆ పత్రమున వ్రాసిన ఒక్క మాట మాత్రము ఏ తెరపైనను కనిపించదు. మన విద్యార్థులు ఆయన చిత్రములు చూచునపుడు ఆ మాటను కూడ తలచుకొనవలెనని మా కోరిక.