బిషప్పు అజరయ్యగారి పీఠము

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారిని గూర్చి భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అని చెప్పి ముగించుట మనకు అలవాటైపోయినది. ఆ మొదటి స్థానము ఆయనకెంత బరువైనదో ఒకసారి తలపోయుదము.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతమున వెల్లాలన్‌విలై అను పల్లెలో జన్మించిరి. తండ్రిగారు గురువు. వారిది నాడార్ కులము. ఒకప్పుడు హిందూ దేవాలయములలో అడుగు పెట్టనీయబడని కులము. తక్కువచూపు ఎట్లుండునో ఆ ఇంటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. చదువు తరువాత ఆయన 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసిరి. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపకులలో ఒకరైరి. ఇతరులను పంపి తాను పట్టణములో ఉండుట ఆయనకు సరిపడలేదు. 1909లో ఉద్యోగము మాని, గురుత్వాభిషేకము పొంది, నైజాము రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చిరి. ముప్పదియైదేండ్ల ఆ తమిళుడు మన తెలుగును ఓనమాలతో మొదలుపెట్టి నేర్చుకొనిరి.

మరుసటి యేడు ఎడింబరో మహాసభ. మిషనరీ ప్రముఖుల యెదుట ఆయన మాటలాడవలసివచ్చెను. దొరలు మనవారికొరకు ఎంతో త్యాగము చేసిరని ఒప్పుకొనుచునే, వారు భారతీయ సేవకులతో కలిసిమెలిసి యుండరనియు, స్నేహితులుగా చూడరనియు నిండు సభలో చెప్పిరి. కొందరికి కోపము వచ్చెను. ఇది వినయమా అని అడుగువారు నేటికిని గలరు. నా మట్టుకు, పెద్దలయెదుట తల వంచుకొని ఊరకుండుట వినయమనిపించదు. అది తరచుగా భయమే.

ఆయనను బిషప్పుగా చేయవలెనని మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ దొరగారు పట్టుబట్టినప్పుడు, ఒక భారతీయుని క్రింద తెల్లవారెట్లు పనిచేయుదురని అడ్డుచెప్పినవారు కలరు. భారతీయులలోనే కొందరు ఒప్పుకొనలేదు. ఐనను 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అభిషేకము జరిగెను. మొదట ఇచ్చిన అధ్యక్ష మండలము మిక్కిలి చిన్నది. తరువాతనే కృష్ణా మొదలగు ప్రాంతములు కలిసినవి.

పీఠము దొరకినవాడు పీఠముననే కూర్చుండవచ్చును. ఈయన ఎడ్లబండిపై మాలపల్లెలకు, మాదిగపల్లెలకు తిరిగిరి. దొరల బల్లయొద్ద తమకు చోటు లేదని ఎడింబరోలో చెప్పిన మనుష్యుడు, ఇక్కడ మాల, మాదిగ విశ్వాసులు ఒకే బల్లయొద్ద ప్రభు భోజనము తీసికొనవలెనని పట్టుబట్టిరి. ఇది ఎడింబరో ప్రసంగముకంటె కష్టమైన పని. మన సంఘములలో ఎన్నికల కాలమున అది ఎంతవరకు నెరవేరినదో చూచుచునే యున్నాము గదా!

1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ కెథడ్రల్‌లో గుడి, మసీదు, చర్చి కట్టడపు పోకడలు మూడును కలిసియున్నవి. కట్టుటకు చాల యేండ్లు పట్టెను.

1919లో తరంగంబాడిలో సంఘ ఐక్యతకొరకు కూడినవారిలో ఆయన ముఖ్యులు. బిషప్పులే లేని సంఘముల బోధకులతో సరిసమానముగా కూర్చుండి మాటలాడిరి. ఆ చర్చలు పాతికేండ్లకు పైగా సాగెను. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లో కన్నుమూసిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను.