బళ్లారి రాఘవ

నాటకమనగా పద్యము, పద్యమనగా రాగము అని ప్రేక్షకులు నమ్మిన కాలమది. హార్మోనియము శ్రుతి అందింపగానే నటుడు రంగము ముందునకు వచ్చి, తాను హరిశ్చంద్రుడో దుర్యోధనుడో మరచి, ఊపిరి నిలిచినంతవరకు రాగమును సాగదీసెడివాడు. జనులు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసెడివారు. చచ్చి పడియున్న పాత్రధారి సైతము ఆ కేకకు లేచి, పద్యము మరల పాడి, మరల చచ్చెడివాడు! ఈ వింతను చూచి నవ్వినవారు పలువురు. దానిని మాన్పవలెనని జీవితమంతయు పాటుపడినవాడు బళ్లారి రాఘవ.

ఆయన పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన అనంతపురము మండలములోని తాడిపత్రిలో జన్మించెను. తండ్రి నరసింహాచార్యులు బళ్లారిలో తెలుగు పండితుడు. మేనమామ ధర్మవరము రామకృష్ణమాచార్యులు ఆంధ్ర నాటక పితామహుడని కీర్తి గన్నవాడు, వృత్తిచే న్యాయవాది. సరసవినోదినీ సభ ఆయన నెలకొల్పినదే. అట్టి యింట పెరిగిన బాలునకు నాటకము ఉగ్గుపాలతో అబ్బినదనుట అతిశయోక్తి కాదు. కాని మేనమామ నాటకములలో పాటలకు, పద్యములకు పెద్దపీట. మేనల్లుని మనస్సు మాత్రము షేక్స్పియరు వైపు మొగ్గెను. విద్యార్థి దశలోనే బళ్లారిలో షేక్స్పియరు పేర ఒక సమాజమును స్థాపించి ఆంగ్ల నాటకములు ప్రదర్శించెను.

మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టము పొంది, పిదప న్యాయశాస్త్రము చదివి, 1905 ప్రాంతమున బళ్లారిలో న్యాయవాదిగా స్థిరపడెను. క్రిమినలు వ్యాజ్యములలో గట్టివాడని పేరు వచ్చెను. ప్రభుత్వ న్యాయవాదియు అయ్యెను. పగలు న్యాయస్థానము, రాత్రి రంగస్థలము. బోనులో నిలిచి బొంకు సాక్షి తడబడుటయు, దోషి మొగము పాలిపోవుటయు నిత్యము చూచువానికి అంతకు మించిన నటనశాల యేది కావలెను? నటనకు ఆయన వేతనము గైకొనలేదు. ఆయన ప్రదర్శనములవలన చేకూరిన ధనము ఎన్నియో ధర్మకార్యములకు వినియోగపడినది.

ఆ కాలమున బళ్లారిలోనే కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమ సభను నడుపుచుండెను. విజయనగర సామ్రాజ్య పతనమును గూర్చి ఆయన రచించిన నాటకమున రాఘవ పఠాన్ రుస్తుం పాత్రను ధరించెను. బళ్లారికి చేరువనే హంపీ శిథిలములున్నవి; 1565 నాటి యుద్ధపు కథ ఆ ప్రాంతపు జనులకు పరాయిది కాదు. వారు నాయకుని విడిచి ఈ పఠానునే తలచుకొనుచు ఇండ్లకు పోయెడివారు. రాఘవ గొంతెత్తి పాడలేదు. మాటను మాటగా పలికెను. పలుకని చోట కన్నులతో పలికించెను. పద్యమైనను భావము చెడకుండ సంభాషణవలె చదువవలెనని ఆయన మతము. సంగీతమునకు అలవాటుపడిన శ్రోతలు మొదట గొణిగిరి. కొందరు తుదివరకును గొణుగుచునేయుండిరి.

తెలుగు, కన్నడము, ఆంగ్లము, హిందీ భాషలలో ఆయన నటించెను. 1927లో గాంధీమహాత్ముడు ‘దీనబంధు కబీరు’ నాటకమును చూచుచు, కొద్దిసేపు మాత్రమే ఉండవలెనని వచ్చియు, వేళ మరచి కూర్చుండెనని చెప్పుదురు. 1928లో రాఘవ ఇంగ్లండుకు పోయి, బెర్నార్డ్ షాను కలిసికొని, అచ్చటి నాటకశాలల పద్ధతులను పరిశీలించి వచ్చెను.

ఆయనకు గట్టి పోరాటము మరియొక విషయమున తటస్థించెను. అప్పుడు ఆడువేషములను మగవారే ధరించుట ఆచారము. వారిలో కొందరి నైపుణ్యమును జనులు వేనోళ్ల పొగడుచుండిరి. రాఘవకు ఆ నైపుణ్యముపై ద్వేషము లేదు. కాని స్త్రీ దుఃఖమును స్త్రీయే చెప్పవలెనని ఆయన పట్టు. రంగస్థలము ఎక్కిన యువతికి మర్యాద దక్కని రోజులవి. గౌరవ కుటుంబముల స్త్రీలను ఆయన ఆహ్వానించెను. కొమ్మూరి పద్మావతీదేవి మొదలగువారు ముందునకు వచ్చిరి. నింద ఆయనకు వచ్చెను. అంతకు మిక్కిలిగా ఆ స్త్రీలకును వచ్చెను. వారి ధైర్యమును మనము తక్కువగా ఎంచరాదు. పి. వి. రాజమన్నారు రచించిన ‘తప్పెవరిది’ వంటి సాంఘిక నాటకములను రాఘవ ఈ దృష్టితోనే చేపట్టెను.

చలనచిత్రము ఆయనకు అంతగా కలిసిరాలేదు. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణము’న దుర్యోధనుడుగా నటించెను. అదే కథతో అదే సంవత్సరము ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’ వెలువడెను. పోటీలో రాఘవ చిత్రము ఓడిపోయెను. అరువది యేండ్లకు చేరువగుచున్న నటునకు ఆ దెబ్బ చిన్నది కాదు. అయినను 1939లో గూడవల్లి రామబ్రహ్మము ‘రైతుబిడ్డ’ తీయగా, అందు రైతు పాత్రను ధరించుటకు సమ్మతించెను. నెల్లూరు మండలమున వెంకటగిరి జమీందారీ రైతులు తమ హక్కులకై ఆందోళన సాగించుచుండిన దినములవి. వారి గోడును వినిపించుటకు ‘జమీన్‌ రైతు’ పత్రిక నెల్లూరున వెలువడుచుండెను. అట్టి సమయమున తెరపై రైతు కష్టము కనబడుట జమీందారులకు రుచింపలేదు. చిత్రమునకు ఆటంకములు కలిగెను. రాజుల కిరీటములు ధరించిన నటుడు మట్టి అంటిన పంచెతో నిలిచి, కిరీటము లేకయే పాత్రకు నిండుదనము తెచ్చెను. 1940లో వచ్చిన ‘చండిక’ తరువాత ఆయన తెర జోలికి అంతగా పోలేదు.

1946వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన బళ్లారిలో రాఘవ కన్నుమూసెను. ఏడేండ్లకు, 1953లో, ఆ పట్టణము మైసూరు రాష్ట్రమున చేరినది. అయినను అచ్చటి రాఘవ కళామందిరము ఆ తెలుగు నటుని పేరుననే వెలసియున్నది.