పనిపిల్లవాడి చేతిలో పలక

తల్లులు తమ పిల్లలను యేసుప్రభువు దగ్గరకు తెచ్చినప్పుడు శిష్యులకు అది విసుగనిపించింది. పెద్దల మధ్య పిల్లలకేం పని అన్నది ఆ కాలపు ఆలోచన. ప్రభువు మాత్రం వారిని ఎత్తి కౌగిలించుకున్నాడు. ఆ కౌగిలి అర్థం కావడానికి లోకానికి చాలా కాలం పట్టింది. ఇంగ్లండులో 1780 ప్రాంతంలో రాబర్ట్ రైక్స్ సండేస్కూలు ప్రారంభించే నాటికి కూడా పేదపిల్లలకు వారమంతా చాకిరీయే. వారికి తీరిక దొరికేది ఆదివారమే.

మన హైదరాబాదు సంగతి చూద్దాం. 1888 మే 22న అంటరానివారిగా వెలివేసిన కుటుంబంలో మాదరి భాగయ్య పుట్టాడు. ఆ వాడల్లో బిడ్డ అంటే పనికి మరో రెండు చేతులే. ఆడపిల్లయితే పసితనంలోనే పెళ్లి, లేదా జోగినిగా అర్పణ. భాగయ్య కూడా చిన్న వయసులోనే పనికి కుదిరాడు. అయితే అతడు చేరినది ఒక రోమన్ కాథలిక్ న్యాయవాది ఇల్లు. ఆ ఇంట అతనికి కూలితోపాటు చదువూ అబ్బింది.

ఆ పిల్లవాడే భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథలతో వాడవాడనూ మేల్కొలిపారు. 1910లో, పాతబస్తీకి మూసీ ఆవలి గట్టునున్న ఇసామియా బజారులోనూ, లింగంపల్లిలోనూ బడులు తెరిచారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో ఆ పిల్లలు తెలుగులో ఓనమాలు దిద్దారు. రెండు దశాబ్దాలు గడిచేసరికి అవి రెండు డజన్లకు పైగా బడులయ్యాయి. బాల్యవివాహాల మీద, జోగిని దురాచారం మీద ఆయన జీవితాంతం పోరాడారు. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు.

ఆయన క్రైస్తవుడు కాదు. ఆర్యసమాజంతో కలిసి నడిచారు, బుద్ధుణ్ణి గౌరవించారు. అయినా ప్రభువు దగ్గరకు తీసిన పసివారినే ఆయనా దగ్గరకు తీశారు. ఆయన చేసినది మనం చేస్తున్నామా?

ఈనాడు ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువు హక్కు. అందుకు 2009లో చట్టమే వచ్చింది. ఇళ్లలో పిల్లలను పనికి పెట్టుకోవడాన్ని 2006లోనే నిషేధించారు. అయినా మన పిల్లలు సండేస్కూలులో వాక్యాలు కంఠస్థం చేస్తుండగా, మన వంటింట్లో అదే ఈడు పాప అంట్లు తోముతుంటే ప్రభువుకు ఏమని జవాబు చెబుతాం? చట్టానికి భయపడి ఆ పాపను వీధిలోకి పంపేస్తే సరిపోదు. ఆమె చేయి పట్టుకుని బడి గుమ్మందాకా నడిపించాలి. ఒక ఇంట ఒక పనిపిల్లవాడికి దొరికిన అక్షరాలు ఎన్ని బడులయ్యాయో చూశాం కదా! మన గుమ్మంలో నిలబడిన బిడ్డ రేపు ఎంతమందికి దీపమవుతుందో ఎవరికి తెలుసు?