ఫ్రాంక్ హార్న్‌బీ – ఆటబొమ్మలకు తపాలా మార్గం చూపిన గుమాస్తా

అరచేతిలో ఇమిడిపోయే లోహపు కారుబొమ్మను చూడని విద్యార్థి ఉండడు. దానికి ఇంజను లేదు, తాళం చెవి లేదు. వాలుగా నిలిపిన పట్టా మీద విడిచిపెడితే భూమ్యాకర్షణ శక్తియే దానిని పరుగెత్తిస్తుంది. అమెరికాలోను, మరికొన్ని దేశాలలోను ఈ బొమ్మకార్లకు పందాలు జరుగుతూ ఉంటాయి. వాటిలో ఒక తెగ మిక్కిలి విచిత్రమైనది. అందులో పోటీదారుడు పందెపు స్థలానికి పోడు. అతని కారు మాత్రమే తపాలాలో పోతుంది. పందెం నిర్వహించే గృహస్థుడు తన ఇంటిలో పట్టాలు అమర్చి, నలుదిక్కుల నుండి వచ్చిన కార్లను తూచి, కొలిచి, జంటలు జంటలుగా పరుగెత్తించి, ఆ దృశ్యాన్ని చిత్రీకరించి అందరికీ చూపిస్తాడు. పిమ్మట ఎవరి కారును వారికి తిరుగు తపాలాలో చేరుస్తాడు.

పెద్దలు కొందరు దీనిని పనిలేని వారి కాలక్షేపమని కొట్టివేయవచ్చు. అయితే ఈ ఆటలో రెండు గంభీరమైన విషయాలు ఇమిడి ఉన్నాయి. ఒకటి, అచ్చులో పోతపోసిన చిన్న వాహనం. రెండవది, ముఖపరిచయం లేని వారి మధ్య తపాలా ద్వారా, నమ్మకం మీద నడిచే పోటీ. ఈ రెండింటిలో దేనికీ ఆద్యుడు కాకపోయినా, రెండింటినీ ఒకే కర్మాగారం నుండి లక్షల ఇండ్లకు చేర్చిన పురుషుడు ఫ్రాంక్ హార్న్‌బీ. ఆయన ఇంజనీరు కాడు, పట్టభద్రుడు కాడు; మాంసం దిగుమతి చేసే వర్తకుని వద్ద పద్దులు వ్రాసిన గుమాస్తా.

హార్న్‌బీ 1863 మే 15వ తేదీన ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవుపట్టణంలో జన్మించాడు. తండ్రి ఆహార పదార్థాల వర్తకుడు. పదహారవ ఏట చదువు చాలించి, తండ్రి దుకాణంలోనే నగదు లెక్కలు చూచే పనికి కుదిరాడు. 1887లో క్లారా అనే ఉపాధ్యాయినిని వివాహమాడాడు. 1899లో తండ్రి మరణించడంతో ఆ వ్యాపారం మూతపడింది. ముప్పది ఆరేండ్ల వయస్సులో, భార్యాబిడ్డల పోషణకై, డేవిడ్ ఎలియట్ అనే మాంసం దిగుమతిదారు వద్ద ఆయన ఉద్యోగానికి చేరవలసి వచ్చింది. అంతవరకు ఈ జీవితంలో చరిత్రకెక్కదగినది ఏమీ లేదు.

ఇంటి వద్ద తీరిక వేళల్లో ఆయన తన కుమారులకు రేకుతో వంతెనలు, క్రేనులు, బండ్లు చేసి ఇచ్చేవాడు. వాటితో ఒక చిక్కు ఉండేది. ఒక బొమ్మకై కత్తిరించిన ముక్క మరొక బొమ్మకు పనికివచ్చేది కాదు. క్రేను పాతబడితే ఆ రేకంతా వ్యర్థమే. ఒకనాడు రైలు ప్రయాణంలో ఉండగా తన మనస్సులో పరిష్కారం తట్టిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. అర అంగుళం వెడల్పు గల పట్టీలు తీసుకొని, వాటి పొడవునా సరిగ్గా అర అంగుళానికొక రంధ్రం వేయాలి. అప్పుడు ఏ పట్టీనైనా ఏ పట్టీకైనా బోల్టుతో బిగించవచ్చు. ఈనాటి క్రేను రేపు విప్పితే ఎల్లుండికి వంతెన అవుతుంది. వినడానికి ఎంత స్వల్పంగా ఉన్నదో చూడండి! కాని పెద్ద పెద్ద కర్మాగారాలు ఏ సూత్రం మీద నిలిచి ఉన్నవో, అనగా ఒక భాగం స్థానంలో అటువంటి మరొక భాగం ఇమిడిపోవాలనే సూత్రం, దానిని పదేళ్ళ బాలుని చేతిలో పెట్టడం స్వల్ప విషయం కాదు. మొదటి పట్టీలను ఆయన రాగిరేకు నుండి స్వయంగా కత్తిరించుకొన్నాడు.

1901 జనవరిలో పేటెంటుకు దరఖాస్తు చేయడానికి ఆయన చేతిలో ధనం లేదు. యజమాని ఎలియట్ ఐదు పౌండ్లు అప్పిచ్చాడు. అంతటితో ఆగక, తన కార్యాలయం ప్రక్కన ఖాళీగా ఉన్న గదులిచ్చి, భాగస్వామిగా కూడ చేరాడు. గుమాస్తా ఊహను నమ్మి అప్పిచ్చిన యజమానులు చరిత్రలో అరుదు. అందుచేత ఎలియట్ పేరును ఇక్కడ విస్మరించరాదు. యంత్రవిద్య సులభమైనదని అర్థం వచ్చే పేరుతో తొలి పెట్టెలు బయటికి వచ్చాయి. పెట్టెకు పదహారు రకాల భాగాలు, పన్నెండు నమూనాలు చూపే ఒక పత్రం. దుకాణదారులకు ఈ వస్తువు మొదట రుచించలేదు. 1903లో సుమారు 1,500 పెట్టెలు అమ్ముడుపోయినా లాభమన్నది లేదు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు ఆచార్యుడైన హీల్ షా ఈ సాధనాన్ని మెచ్చుకొని యోగ్యతాపత్రం ఇచ్చిన పిమ్మట కొంత గౌరవం కలిగింది. 1906లో గాని కొద్దిపాటి లాభం కంటబడలేదు.

ఆ మరుసటి ఏడు హార్న్‌బీ జీవితంలో నిజమైన పరీక్ష వచ్చింది. గిరాకీ పెరిగింది, భాగాలు తయారుచేసి ఇచ్చే బయటివారు సరఫరా చేయలేకపోయారు. తానే తయారీకి పూనుకోవాలంటే ఉద్యోగం వదలాలి. వయస్సు నలుబది నాలుగు. తండ్రి వ్యాపారం కన్నుల ముందే మూతపడగా చూచినవాడు. అయినప్పటికీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, లివర్‌పూల్‌లో డ్యూక్ వీధిలో స్థలం తీసుకొని, అప్పు చేసి యంత్రాలు నెలకొల్పాడు. 1907 సెప్టెంబరులో మెకానో అనే పేరును నమోదు చేయించాడు. 1908లో మెకానో లిమిటెడ్ ఏర్పడినప్పుడు ఎలియట్ అందులో చేరలేదు. భారమంతా హార్న్‌బీ మీదనే పడింది. ఆరేండ్లకు, 1914లో, బిన్స్ రోడ్డులో పెద్ద కర్మాగారం వెలసింది. అది ఆరున్నర దశాబ్దాల పాటు బొమ్మల ప్రపంచంలో ప్రసిద్ధమైన చిరునామా.

వస్తువు అమ్ముడుపోయిన పిమ్మట కొన్నవానితో మనకేమి పని అని సామాన్య వర్తకుడు అనుకొంటాడు. హార్న్‌బీ అట్లు అనుకొనలేదు. 1916లో మెకానో మ్యాగజైన్ అనే పత్రికను నాలుగు పుటలతో, ఉచితంగా ప్రారంభించాడు. 1919లో మెకానో గిల్డు అనే బాలుర సంఘాన్ని స్థాపించి తానే అధ్యక్షుడయ్యాడు. ఊరూరా క్లబ్బులు ఏర్పడ్డాయి. క్లబ్బు లేని చోట నివసించే బాలునికి మరొక దేశపు బాలునితో ఉత్తరాల స్నేహం కల్పించే ఏర్పాటు కూడ ఆ గిల్డులో కలదు.

అన్నింటికంటె ముఖ్యమైనవి నమూనాల పోటీలు. బాలుడు తన ఇంటిలో తోచిన యంత్రాన్ని నిర్మిస్తాడు. దాని ఛాయాచిత్రమో, చేతితో గీసిన చిత్రమో లివర్‌పూల్‌కు పంపుతాడు. వయస్సును బట్టి విభాగాలుండేవి. సముద్రాంతర దేశాల వారికి ప్రత్యేక విభాగం, ఓడ తపాలాకు పట్టే కాలాన్ని గమనించి ఎక్కువ గడువు. ఇందులో ఉన్న న్యాయబుద్ధిని మన విద్యార్థులు గుర్తించాలి. ఎడ్ల పందెంలో ఎవరి ఎడ్లు ముందు గీత దాటినవో ఊరంతా చూస్తుంది. న్యాయనిర్ణేత పక్షపాతం వహిస్తే అక్కడికక్కడే నిలదీస్తుంది. తపాలా పోటీలో చూచేవారు లేరు. తీర్పు చెప్పేవాడు పంపినవానికి ఒక చిరునామా మాత్రమే. అట్టి చోట గడువు, వయోభేదం, కొలత మొదలైన నియమాలే సాక్షులు. ఆ నియమాలు ముందుగా అచ్చువేసి అందరికీ ఒకే విధంగా వర్తింపజేస్తేనే, వేల మైళ్ళ దూరంలో ఉన్న బాలుడు ఓటమిని కూడ అంగీకరిస్తాడు.

ఒక లోపాన్ని మాత్రం దాచరాదు. ఆ గిల్డు, ఆ పత్రిక, ఆ ప్రకటనలు అన్నీ బాలురను ఉద్దేశించినవే. బిన్స్ రోడ్డు కర్మాగారంలో పెద్ద సంఖ్యలో పనిచేసినవారు స్త్రీలు. వారి చేతుల మీదుగా వచ్చిన పెట్టెల మీద నవ్వుతూ కనిపించినవారు బాలురు. కాలధర్మమని సరిపెట్టుకోవచ్చును గాని, ఆడపిల్ల ఇంజనీరు కావచ్చునన్న ఊహ ఆయనకు తట్టకపోవడం ఆ ఊహాశాలికి తగదని నా అభిప్రాయం.

1920లో తాళం చెవితో నడిచే హార్న్‌బీ రైళ్ళు వచ్చాయి. 1925లో విద్యుత్తు రైలు. ఆ పేరు నేటికీ రైలుబొమ్మల మీద నిలిచి ఉన్నది. మన ప్రస్తుత విషయానికి కావలసినవి ఆ రైళ్ళ ప్రక్కన నిలపడానికి చేసిన చిన్న వస్తువులు. రైలు స్టేషను ఉన్నప్పుడు దాని ముందు మనుషులు, బండ్లు ఉండాలి కదా! అట్లు 1933 డిసెంబరులో ఆరు వాహనాల పెట్టె విడుదలయింది: రెండు కార్లు, ఒక లారీ, ఒక సరుకుల బండి, ఒక ట్రాక్టరు, ఒక యుద్ధ శకటం. 1934లో ఈ వరుసకు డింకీ టాయ్స్ అని పేరు పెట్టారు. అమెరికాలో టూట్సీటాయ్ అనే పోతబొమ్మలు అప్పటికే ఉండేవి. డింకీ వచ్చిన తరువాత రైలుకు తోడుగా పుట్టిన కారు రైలునే మరపించింది.

వీటి తయారీ పద్ధతి తెలుసుకోదగినది. తొలుత సీసం వాడేవారు. తరువాత జింకులో అల్యూమినియం, రాగి, మెగ్నీషియం కొద్దిగా కలిపిన మిశ్రలోహాన్ని కరగించి, ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి ఎక్కించేవారు. లోహం గట్టిపడగానే అచ్చు తెరిస్తే కిటికీలు, తలుపు గీతలతో సహా కారు దేహం సిద్ధం. అయితే ఆ మిశ్రలోహంలో సీసం లేశమాత్రం చేరినా కాలక్రమేణ లోపలి నుండి బీటలు వారి, బొమ్మ పెళుసై పొడిగా రాలిపోతుంది. యుద్ధానికి పూర్వపు డింకీ కార్లు అనేకం ఇట్లే నశించాయి. వాటికి ఏ పిల్లవాని చేయి తగులనక్కరలేదు. అద్దాల బీరువాలో భద్రంగా ఉండియే శిథిలమయ్యాయి.

హార్న్‌బీ 1931లో కన్సర్వేటివ్ పక్షం తరఫున లివర్‌పూల్‌లోని ఎవర్టన్ నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. కర్మాగారపు నిత్యవ్యవహారాలు సహచరులకు అప్పగించాడు. కనుక డింకీ కార్ల యశస్సులో ఆయన సిబ్బందికి పెద్ద వాటా చెందుతుంది. ఆరోగ్యం క్షీణించగా 1935 ఎన్నికలలో ఆయన పోటీ చేయలేదు. గుండెజబ్బు, మధుమేహం బాధించగా 1936 సెప్టెంబరు 21న కన్నుమూశాడు. ఐదు పౌండ్లు అప్పుచేసి పేటెంటు తీసుకొన్నవాడు విడిచిపోయిన ఆస్తి రెండు లక్షల ముప్పది వేల పౌండ్లకు పైచిలుకు.

ఆయన తదనంతరం కుమారుడు రోలాండ్ సంస్థను నడిపాడు. 1953 నుండి మాచ్‌బాక్స్ కార్లు అగ్గిపెట్టెంత పెట్టెలలో చౌకగా వచ్చి డింకీకి పోటీ అయ్యాయి. 1964లో మెకానో సంస్థ ఇతరుల చేతికి పోయింది. డింకీ పాత అచ్చులు కొన్ని మన దేశానికే వచ్చాయి. కలకత్తాలో వాటితో పోసిన కార్లు నిక్కీ టాయ్స్ అనే పేరుతో అమ్ముడుపోయాయి. 1968లో అమెరికాలో మాటెల్ సంస్థ హాట్ వీల్స్ పేర పదహారు కార్లు విడుదల చేసింది. సన్నని ఇరుసుల మీద, రాపిడి తక్కువగా, నారింజరంగు పట్టాల మీద అవి దూసుకుపోయేవి. వీటి రాకతో కారుబొమ్మ అలంకార వస్తువుగా గాక పందెపు వస్తువుగా మారింది. బిన్స్ రోడ్డు కర్మాగారం 1979 నవంబరులో మూతపడింది.

పైన పేర్కొన్న తపాలా పందాలు ఈ పందెపు కార్లతోనే నడుస్తాయి. నిర్వాహకుని బాధ్యత సామాన్యమైనది కాదు. ముందుగా నియమాలు ప్రకటించాలి: దుకాణంలో కొన్నది కొన్నట్లే ఉండాలా, లేక మార్పులు చేయవచ్చునా, బరువు ఎన్ని గ్రాములు మించరాదు, ఒక్కొక్కరు ఎన్ని కార్లు పంపవచ్చు. మార్పులకు అనుమతి ఉంటే కొందరు ఇరుసులను నునుపు చేస్తారు, గ్రాఫైటు పొడి రాస్తారు, కారు అడుగున టంగ్‌స్టన్ అతికి బరువు పెంచుతారు. నిర్వాహకుడు ప్రతి కారును త్రాసులో పెట్టి చూస్తాడు. రెండు వరుసల పట్టాలలో ఒకటి రవంత వేగమైనది కావచ్చును గనుక, కార్లను వరుస మార్చి మరల పరుగెత్తిస్తాడు. ఒకసారి ఓడినంత మాత్రాన తొలగించక, రెండవ అవకాశం ఇచ్చే పద్ధతి కూడ ఉన్నది. గమ్యం వద్ద వెంట్రుకవాసి తేడాను కంటితో తేల్చక, విద్యుత్ సాధనంతో నిర్ణయించేవారూ కలరు.

మా ఉర్దూ విభాగపు మిత్రులు అమానత్ అనే మాట తరచుగా వాడుతారు. ఇతరులు నమ్మి మన వద్ద ఉంచిన సొత్తు అని దాని భావం. పందెం పూర్తయ్యే వరకు ఆ కార్లన్నీ నిర్వాహకుని వద్ద అమానత్‌గానే ఉంటాయి. వాటిలో తన సొంత కారును ఓడించినవి కూడ ఉండవచ్చు. గెలిచిన కారు ఇరుసు రహస్యాన్ని విప్పి చూచే అవకాశం అతనికి ఉన్నది, చూడడు. రంగు పెచ్చు ఊడకుండ ఒక్కొక్కదానిని కాగితంలో చుట్టి, వచ్చిన పెట్టెలోనే పెట్టి, పంపినవారి పేరు మరొకసారి సరిచూచుకొని తపాలా కార్యాలయానికి తీసుకొనిపోతాడు.