పానగల్లు రాజా - పడి లేచిన జస్టిస్ పార్టీ



మనమందరం స్థిరపడిన ఈ సత్యనారాయణపేట, ఈ బళ్ళారి జిల్లా 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలోనివే. అప్పటి మన పెద్దలకు ప్రభుత్వమంటే మద్రాసు ప్రభుత్వమే. దానికి ఐదేళ్ళకు పైగా ముఖ్యమంత్రిగా ఉన్న తెలుగువారు పానగల్లు రాజా, అనగా పానగంటి రామరాయణింగారు. ఈ పేరు నేడు మన పిల్లలకు తెలియదు.

వీరు 1866లో కాళహస్తిలో వెలమ జమీందారీ కుటుంబంలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. సంస్కృతం బాగా తెలిసినవారు. 1916లో బ్రాహ్మణేతరుల హక్కుల కొరకు ఏర్పడిన సంఘమే తరువాత జస్టిస్ పార్టీగా పేరు పొందింది. వీరు అందులో చేరారు.

ఇంగ్లండులో లిబరల్ పార్టీకి చెందిన మాంటేగు గారు భారత మంత్రిగా ఉండగా 1919 సంస్కరణలు వచ్చాయి. విద్య, ఆరోగ్యం, స్థానిక పాలన మన మంత్రులకిచ్చి, పోలీసు, భూమిశిస్తు గవర్నరు చేతిలోనే ఉంచారు. అలాంటి సగం అధికారంతోనే రాజా గారు 1921 జూలైలో పదవి చేపట్టారు. ఉద్యోగాలలో అన్ని వర్గాలకు వాటా ఉండాలన్న ఉత్తర్వు ఆ ఏడే వచ్చింది. 1922లో ప్రభుత్వ రికార్డులలో పంచమ అన్న మాట పోయి ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లు వచ్చాయి. మన సంఘాలలో ఎన్నో కుటుంబాల పూర్వికులకు ఇది చిన్న సంగతి కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది.

అయితే ఆ పార్టీలో లోపం లేకపోలేదు. అది జమీందారుల, పెద్ద రైతుల పార్టీ. 1921 మద్రాసు మిల్లు సమ్మెలో పార్టీ నాయకులు తమను నిందించారని ఆది ద్రావిడులు బాధపడ్డారు. వారి నాయకుడు ఎం.సి. రాజా గారు 1923లో పార్టీని విడిచిపెట్టారు. అట్టడుగువారి పేరు చెప్పి ఓట్లడిగినవారు అట్టడుగువారినే పోగొట్టుకున్నారు! అదే ఏడు నవంబరులో సి.ఆర్. రెడ్డి గారు అవిశ్వాస తీర్మానం తెచ్చారు. 65కు 44 ఓట్లతో రాజా గారు గట్టెక్కారు. ఆ రెడ్డి గారే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలరు అయ్యారు.

1926 ఎన్నికలలో స్వరాజ్య పార్టీకి 41 స్థానాలు వస్తే జస్టిస్ పార్టీకి 21 మాత్రమే వచ్చాయి. సుబ్బరాయన్ గారి స్వతంత్ర మంత్రివర్గం ఏర్పడింది. అందులో మన బళ్ళారికి చెందిన ఎ. రంగనాథ మొదలియారు గారు ఒక మంత్రి. సైమన్ కమిషన్ విషయంలో ముఖ్యమంత్రితో విభేదించి 1928లో ఆయనా, మరొక మంత్రీ రాజీనామా చేశారు. రాజా గారు ఆ సమయం చూచి, తాను వ్యతిరేకించిన మంత్రివర్గానికే మద్దతిచ్చారు. ఇది అవకాశవాదమని అనవచ్చు; నిజమే. కాని కొత్తగా వచ్చిన ముత్తయ్య మొదలియారు గారి చేతిమీదుగా వాటా ఉత్తర్వు అమలులోకి వచ్చింది. ప్రతి 12 ఉద్యోగాలలో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లకు, క్రైస్తవులకు కలిపి 2, అణగారినవారికి 1.

ఆ 1928 డిసెంబరు 16న రాజా గారు చనిపోయారు. పార్టీ తిరిగి గెలవడం ఆయన చూడలేదు. 1930లో మునుస్వామి నాయుడు గారు, 1932లో బొబ్బిలి రాజా గారు ముఖ్యమంత్రులయ్యారు. 1937లో కాంగ్రెసు ప్రభంజనంలో బొబ్బిలి రాజా గారే వి.వి. గిరి గారి చేతిలో ఓడిపోయారు.

మాంటేగు గారి లిబరల్ పార్టీ కూడా 1906లో దాదాపు 400 స్థానాలనుండి 1951లో 6కు పడిపోయింది. 1988లో మరొక పార్టీతో కలిసి, 1997లో 46 స్థానాలు గెలిచింది. జస్టిస్ పార్టీ 1944లో పెరియార్ గారి నాయకత్వంలో ద్రావిడ కళగంగా మారింది. అందులోనుండి 1949లో చీలి వచ్చిన డి.ఎం.కె. 1967లో మద్రాసులో అధికారానికి వచ్చింది. తెలుగు జిల్లాలలో మాత్రం ఆ పార్టీ మరల లేవలేదు. మద్రాసు త్యాగరాయనగరులో పానగల్ పార్కు ఉంది. అక్కడ చీరలు కొనడానికి వెళ్ళే మనవారు ఆ పేరు ఎవరిదో అడగరు.