లెక్క అడిగిన ఆచార్యుడు

రామగుండం స్టేషనులో కొంతసేపు నిలిచి చూచినవారికి బొగ్గు వ్యాగన్లు బారులు తీరి సాగిపోవడం కనిపిస్తుంది. కాజీపేట నుండి చాందా చేరువనున్న బల్లార్షా వరకు ఆ రైలుదారి 1929లో పూర్తి అయినది. గోదావరిఖనిలో బొగ్గు త్రవ్వకం మరి ముప్పది ఏండ్లకు, 1960 ప్రాంతాన గాని మొదలుకాలేదు. కాని హైదరాబాదు నుండి ఓరుగల్లు మీదుగా చాందాకు రైలు వేయవలెనన్న తలంపు చాల పాతది. ఆ తలంపు మూలముననే ఒక రసాయనశాస్త్రాచార్యుడు నిజాం రాజ్యము నుండి బహిష్కృతుడైనాడు. ఆయన డాక్టరు అఘోరనాథ ఛటోపాధ్యాయులు. సరోజినీదేవి తండ్రిగా మాత్రమే నేటి విద్యార్థులు ఆయనను ఎరుగుదురు. ఇది ఆయనకు జరిగిన చిన్న అన్యాయమే.

ఆయన తూర్పు వంగదేశములోని విక్రమపురం సీమలో, సంస్కృత పాండిత్యము వంశాచారముగా వచ్చిన బ్రాహ్మణ కుటుంబములో జన్మించినారు. యౌవనములోనే బ్రహ్మసమాజములో చేరినారు. గిల్‌క్రైస్టు విద్యార్థి వేతనము లభించగా, సముద్రము దాటినవానిని కులము వెలివేసే ఆ రోజులలో స్కాట్లండు చేరి, ఎడింబరో విశ్వవిద్యాలయములో డాక్టర్ ఆఫ్ సైన్సు పట్టము పొందినారు. ఆ పట్టము అందుకొన్న మొదటి భారతీయుడు ఆయనే. పిదప జర్మనీలోని బాన్ నగరములోనూ కొంతకాలము చదివినారు.

ఎడింబరో అప్పుడు బొగ్గు పొగతో నల్లబడిన నగరము. అక్కడివారు దానికి ముద్దుగా పెట్టుకొన్న పేరే ఆ పొగను బట్టి వచ్చినది. చుట్టుపట్ల లోథియను సీమ నిండా గనులు. భూమిలోని బొగ్గు రైలుగా, రైలు కంపెనీగా, కంపెనీ వాటాగా, వాటా పైకముగా మారడము అక్కడ కళ్లెదుట జరిగే పని. ఆ పైకమునకు లెక్క చెప్పుమని పత్రికలూ పార్లమెంటూ నిలదీయడము కూడ అక్కడ నిత్యకృత్యమే. సరిగా ఆ దశాబ్దములోనే లండనులో దాదాభాయి నౌరోజీ హిందూదేశపు పేదరికమును అంకెలతో నిరూపిస్తున్నారు. రాజుల వరుసలను, యుద్ధాల తేదీలను చరిత్ర అనుకొని పెరిగిన వంగయువకునికి, దేశచరిత్ర ఖాతాపుస్తకములలో కూడ ఉంటుందని అక్కడ తోచి ఉంటుంది. తరువాత ఆయన చేసిన పనిని చూస్తే అట్లే అనిపిస్తుంది.

1878లో హైదరాబాదు వచ్చి ఆయన నెలకొల్పిన ఆంగ్ల విద్యాలయమే పెరిగి పెద్దదై నిజాం కళాశాల అయినది. భార్య వరదసుందరీదేవి తోడ్పాటుతో బాలికల చదువుకు పాటుపడినారు. ఆయన ఇంటి తలుపులు హిందువులకు, ముస్లిములకు, పండితులకు, బిచ్చగాండ్లకు ఒకే విధముగా తెరిచి ఉండేవి. వింత ఏమంటే, ఐరోపా రసాయనశాస్త్రమును అంతు చూచి వచ్చిన ఈ మనిషి, లోహమును బంగారము చేసే పాత రసవాదమును జీవితాంతము విడువలేదు. సంపాదన చాలవరకు ఆ కొలిమికే పోయినది. పడమటి విద్య ఆయనలోని పూర్వికులను చెరిపివేయలేదు.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగు మరణించినాడు. ఆరవ నిజాము ఇంకా బాలుడు. ఆ సందడిలోనే చాందా రైలు ఒప్పందము కుదురుతున్నది. వాడి నుండి హైదరాబాదు వరకు రాజ్యపు సొమ్ముతో వేసిన దారిని లండను కంపెనీకి అప్పగించవలెను. కంపెనీ మూలధనముపై ఇరువది ఏండ్లు నూటికి 5 వంతున వడ్డీకి రాజ్యము పూచీ పడవలెను. నష్టము వస్తే ఖజానా భరిస్తుంది. అఘోరనాథులు, ముల్లా అబ్దుల్ ఖయ్యూము మొదలైనవారు సంఘముగా కూడి, షరతులన్నీ ప్రజల ముందు పెట్టవలెనని కోరినారు. రైలు వద్దనలేదు. లెక్క చూపుమన్నారు, అంతే. మన ప్రాంతములో ప్రజలు ప్రభుత్వమును ఆ విధముగా అడగడము అప్పటికి దాదాపు కొత్త. మే నెలలో ఆయనను ఉద్యోగము నుండి తొలగించి రాజ్యము వెలుపలికి పంపివేసినారు. ఇంటిలో సరోజిని నాలుగేండ్ల పిల్ల.

ఒప్పందము ఆగలేదు. 1886లో ఇల్లందు బొగ్గు త్రవ్వే హక్కు ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీకి దక్కినది. రైలు బేరములో పాలుపంచుకొన్న అబ్దుల్ హక్కే ఈ బేరములోనూ ఉన్నాడు. ఆ కంపెనీ వాటాలను నిజాం ఖజానాకే హెచ్చు ధరకు అంటగట్టినారన్న గగ్గోలు లండను దాకా పోయి, 1888లో పార్లమెంటు సంఘము విచారణ జరిపినది. అబ్దుల్ హక్కు పదవి పోయినది. అయిదేండ్ల క్రితము అడిగినప్పుడే లెక్క బయటపెట్టి ఉంటే ఏమయ్యేదో!

కొన్నేండ్లకు ఆచార్యులను తిరిగి పిలిపించినారు. ఆయన మళ్లీ పాఠములు చెప్పినారు, సంస్కరణలు విడువలేదు. కుమార్తె సరోజిని కూడ ఇంగ్లండులో చదివి వచ్చి 1898లో మద్రాసులో, ఎడింబరోలోనే వైద్యము చదివిన తెలుగువాడు గోవిందరాజులు నాయుడును వర్ణాంతర వివాహము చేసికొన్నది. ఆ పెండ్లి జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. రాజకీయములు మరల అడ్డు రాగా ఆచార్యులు హైదరాబాదు విడిచి కలకత్తా చేరి, 1915లో అక్కడనే కన్నుమూసినారు.

దక్కను కంపెనీ ఆస్తులు 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీకి చేరినవి. అందులో అధికభాగము వాటాలను నిజాం ప్రభుత్వము 1945లో కొన్నది. అప్పటికి అఘోరనాథులు పోయి ముప్పది ఏండ్లు.